రాజుగారి సమాధి రేవు

తీగ మీద నా చీర ఇంకా ఆరలేదు. ఉదయం శ్మశానం నుంచి వచ్చి, తలస్నానం చేసి ఆరేసిన చీర అది. మా ఇంట్లో ఆడవాళ్లెవరూ ఇంతవరకూ శ్మశానానికి వెళ్లి, అలాంటి చీర ఆరేయలేదు. మచిలీపట్నంలో మా వీధివాళ్లు ఈ సాయంత్రం నా గురించి ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. అనుకోనీ. ఆ చీర చూస్తుంటే కిందటేడు వియత్నాంలో, హ్యూ పట్నం నది మీద పడవలో గడిపిన పగలు గుర్తొస్తోంది.

ఆ ప్రయాణం మా తోటికోడలి సరదా. నాకంటే పెద్దది, అక్కయ్యా అని పిలిచేదాన్ని. గుడివాడ నుంచి బయలుదేరే యాత్రా బృందంలో మా ఇద్దరి పేర్లూ ఇచ్చి, తర్వాత నాకు చెప్పింది. నది చూడగానే, "ఇదేంటే, ఇంత దూరమొచ్చినా మళ్లీ మన పులిగడ్డ కృష్ణేనా!" అంది. ఒడ్డున దివిసీమలో లాగే వరిచేలు, బురదలో గేదెలు, కొనదేలిన ఆకుటోపీలు పెట్టుకుని నాట్లు వేస్తున్న ఆడవాళ్లు. అగరొత్తులు చేసే పల్లెలో దిగి, ఎర్రటి పూలగుత్తుల్లా ఆరబెట్టిన పుల్లల మధ్య తిరిగి, తనూ ఒక టోపీ కొని పెట్టుకుంది. పడవ నడిపే ఆవిడతో తెలుగులోనే కబుర్లు. ఆవిడ తన భాషలో జవాబిచ్చేది. ఇద్దరికీ ఏ లోటూ కనిపించలేదు.

తర్వాతి రేవు ఒక రాజుగారి సమాధి. అక్కయ్య కదల్లేదు.

"సమాధికా? వచ్చాక తలకెక్కడ పోసుకుంటావే? భోజనం ఈ పడవలోనే కదా! మైల!"

మా ఆయన పోయిన రోజు నన్ను గడప దగ్గర ఆపేసింది ఆ మాటే. నాకు ఒళ్లు మండింది. "నీ మరిది వెంట నాలుగడుగులు వెయ్యనివ్వలేదు నన్ను. ముక్కూ మొహం తెలియని రాజు దగ్గరికి టిక్కెట్టు కొని మరీ వెళ్తున్నాను. దిగక్కయ్యా, రేవొచ్చింది" అన్నాను.

అక్కయ్య టోపీ సర్దుకుని దిగింది. లోపల సమాధి ఉన్న చోటులా లేదు. తామర చెరువు, నీళ్ల మీదకి కట్టిన కొయ్య మండపం, దేవగన్నేరు చెట్లు. గైడు చెప్పిన సంవత్సరాలు తీసివేసి చూస్తే, ఆ రాజు సమాధి కట్టించుకున్నాక పదహారేళ్లు బతికాడు. ఆ మండపంలో కూర్చుని కవిత్వం రాసుకునేవాడట. అక్కయ్యకు నవ్వాగలేదు.

"వీడికి పట్టని మైల మనకెందుకే!"

అయినా పడవెక్కాక నదినీళ్లు నాలుగు చుక్కలు తలమీద చల్లుకుంది. అన్నం మాత్రం మారు వడ్డించుకుంది. తింటూ తింటూ, "నేను పోతే నువ్వు గడప దగ్గర ఆగకు. చివరిదాకా రా" అంది. వస్తానన్నాను.

నిన్న పోయింది. ఈ ఉదయం పాడె వెనకే నడిచాను. దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణముంటే పలుకుతారని. అక్కయ్య కొడుకు "అమ్మా" అని మూడుసార్లు పిలిచి లేచాడు. నన్ను చూసి, "ఇక చాలు పిన్నీ. ఆడవాళ్లు ముందుకి రాకూడదు, మైల" అన్నాడు.

"సమాధి చూసొచ్చి మీ అమ్మా నేనూ ఒకే పడవలో అన్నం తిన్నాంరా. పక్కకి జరుగు."

వంగి, అక్కయ్య చెవిలో, "దిగక్కయ్యా, రేవొచ్చింది" అన్నాను. పలకలేదు. పాడె లేచింది. వెనకే చివరిదాకా నడిచాను.

ఆ రాజుకి తను కట్టించుకున్న చోట పదహారేళ్లు దక్కాయి, మా ఇద్దరికీ పడవ మీద ఒక్క పగలు దక్కింది. ఈ లెక్కలో మాదే తక్కువని ఎవరన్నా నేనొప్పుకోను.