నోటుబుక్కులో లేని ఇల్లు

శ్రీకాకుళం నుంచి వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో కేబుల్ ఇంటర్నెట్ దుకాణంలో చేరిన కొత్తలో, సర్వర్లు నడిపే లినక్స్ మొత్తం నాకే వచ్చనే పొగరు ఉండేది నాకు. దుకాణం ఓ భాయ్‌ది. కింద సర్వరు, పైన వాళ్ల ఇల్లు. ఒక్క కనెక్షన్‌ని కాప్రా దాకా నలభై ఇళ్లకు పంచేవాళ్లం. ఏ ఇంటికెంత వేగమో సర్వరుకు చెప్పే ఆదేశం వరస ఒక్కో ఇంటికి ఒకటి ఉండేది. దాన్నే ఫిల్టర్ అంటాం. ఫిల్టర్ లేని కంప్యూటర్ మా లెక్కలో దొంగ. పుక్కట్ల వైరు కలుపుకునేవాళ్ల కోసం భాయ్ పట్టుబట్టి చీమనడక లైనొకటి పెట్టించాడు. దొంగలందరూ అందులోకే పోతారు.

భాయ్ నోటుబుక్కులో మనుషుల పేర్లుండవు. "మునగచెట్టు ఇల్లు", "మిలిట్రీ తాత", "కుక్క కరిచే ఇల్లు" అని రాసి, పక్కన కంప్యూటర్ నంబరు వేసుకునేవాడు.

ఓ రోజు నాలుగింటికి వచ్చి, "బిడ్డ ఇంజనీరింగ్ సీటుకు నెట్ల కాలేజీలు పెట్టుకుంటున్నది. అయిదింటికి బంద్ చేస్తరంట. మా ఇంటికి జెర స్పీడ్ పెంచు" అన్నాడు.

పాత ఫిల్టర్ తీసి పెద్దది పెట్టడమే కదా, అదెంత పని అనుకున్నాను. వాళ్లింటి పాత వరసనే తెచ్చి, "చేర్చు" అన్నచోట "తీసెయ్" అని మార్చి కొట్టాను. కొత్తది పెట్టేలోపే ఫోన్ మోగింది. మిలిట్రీ తాత, నెట్ కదలట్లేదని. ఫోన్ పెట్టేయగానే మునగచెట్టు ఇల్లు. తెర మీద చూద్దును కదా, ఒక్క ఫిల్టరూ లేదు, ఇళ్లన్నీ దొంగల లైన్లో పడి ఉన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తీసేటప్పుడు సర్వరు ఇంటి కంప్యూటర్ నంబరు చూడదట. ఆ ఫిల్టర్‌కే సొంతంగా హ్యాండిల్ అని ఓ నంబరుంటుంది, అది చెప్పాలి. చెప్పకపోతే అదే ప్రాధాన్య క్రమంలో ఉన్న ఫిల్టర్లన్నీ ఊడ్చేస్తుంది. బద్ధకానికి నలభై ఇళ్లనీ ఒకే క్రమంలో పెట్టిన ఘనుణ్ణి నేనే.

"కేబుల్ తెగినట్టుంది భాయ్" అని అబద్ధమాడాను. పాపం, నిచ్చెన భుజానేసుకుని సైనిక్‌పురి వైపు పోయాడు. నేను నోటుబుక్కు ముందేసుకుని ఒక్కో ఇంటినీ ఎక్కించాను. ఫోన్లు ఆగాయి. హమ్మయ్య అనుకుని టీ తెప్పించుకున్నాను.

మెట్ల మీద చప్పుడు. భాయ్ కూతురు, చేతిలో కాలేజీల చీటీ, కళ్లల్లో నీళ్లు. "అన్నా, పక్కింటోళ్లకు వచ్చిందంట. మాకే వస్తలేదు. ఇంకా పది నిమిషాలే ఉంది."

భాయ్ తన ఇంటిని నోటుబుక్కులో ఎప్పుడూ రాసుకోలేదు. నలభై ఇళ్లనీ విడిపించి, ఆ పిల్లనొక్కదాన్నే దొంగల్లో వదిలేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇందాక తీసేసిన వరసలోంచే నంబరు పట్టుకుని, పెద్ద వేగంతో కొత్త వరస కొట్టాను. ఆ పిల్ల పైకి పరిగెత్తింది. అయిదుకు రెండు నిమిషాలుందనగా, "అయిపోయిందన్నా" అని పైనుంచి కేక.

చెమటలు కక్కుతూ వచ్చిన భాయ్, "యాడా తెగలే" అన్నాడు. నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నా. నిచ్చెన నా చేతికిచ్చి, నా టీ తాగేశాడు.

ఆ పిల్లకు కంప్యూటర్స్‌లో సీటొచ్చిన రోజు భాయ్ నోటుబుక్కు తెరిచి, మునగచెట్టుకన్నా పైన ఖాళీలో ఇరికించి తన ఇంటి నంబరు రాశాడు. పక్కన "ఇంజనీరమ్మ ఇల్లు" అని రాశాడు.