సిస్టరమ్మ కాయితంలో లేని మాట

మా ఆస్పత్రిలో నర్సులకి రెండు రోజుల శిక్షణ పెట్టారు. రకరకాల జనం వస్తుంటారు కదా, ఎవరితో ఎలా మెలగాలో నేర్పారు. నేను ఆయాని. హాలు ఊడ్చి, టీలు అందించాను. అప్పటికి నేను అక్షరాలు నేర్చుకుని ఏడాది కాలేదు. నలభై దాటాక పట్టిన పలక. ఎక్కడ రాత కనిపించినా ఆగి కూడబలుక్కునేదాన్ని. నర్సులకి పంచిన కాయితంలో ‘మత్స్యకారులు’ అన్న మాట దొరికింది. మేమే! దాని కింద ‘స్త్రీలు పుస్తెలు తీయడానికి ఇష్టపడరు. బలవంతం చేయరాదు’ అని ఉంది. మా గురించి కూడా ఎవరో రాశారని ముచ్చటేసింది. అందులో తప్పేమీ కనిపించలేదు.

ఆ తర్వాతి వారమే తీరం పల్లె నుంచి ఒక కొత్త పెళ్ళికూతురిని తెచ్చారు. కడుపులో పేగు వాచింది. ఆలస్యమైతే పగులుతుందని, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని డాక్టరుగారు చెప్పారు. ఒంటి మీద బంగారంతో థియేటర్‌లోకి రానివ్వరు. ఆ రోజు డ్యూటీలో ఉన్న సిస్టరమ్మ గాజువాక నుంచి వచ్చేది. క్రైస్తవుల పిల్ల. వాళ్ళింట్లో ఆడవాళ్ళు పుస్తెలు కట్టుకోరు. పుస్తెలు తియ్యమని ఒక్కసారి అడిగింది. పెళ్ళికూతురు వాటిని గుప్పిట్లో బిగించింది. సిస్టరమ్మ మళ్ళీ అడగలేదు. స్ట్రెచర్ గోడవార ఆపించి, నా దగ్గరకొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“తియ్యమని గట్టిగా అంటే తప్పని మాకిచ్చిన కాయితంలో ఉంది. తియ్యకపోతే లోపలికి రానివ్వరు. ఏం చెయ్యను ఆయమ్మా?”

పిల్ల నొప్పితో మెలికలు తిరుగుతోంది. అత్తగారు పక్కనే నిలబడి నేల చూపులు చూస్తోంది. నేను వంగి అడిగాను.

“నీ పెనిమిటి ఎక్కడున్నాడమ్మా?”

“బోటు మీద ఏటకెల్లాడు పిన్నీ. నాలుగు దినాలైంది. ఆడు సముద్రం మీదుంటే నాను మెడ బోడిగా ఎలాగుంచుకుంతాను?”

అదీ సంగతి. మొగుడు ఒడ్డున ఉంటే మారుమాట లేకుండా తీసిచ్చేది. మెడ ఖాళీ కాకూడదు, అంతే. బంగారమే ఉండాలని మాలో ఎవరూ అనరు.

సిస్టరమ్మ చేత అడిగిస్తే, దారమైతే పరవాలేదని డాక్టరుగారు అన్నారు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి పరిగెత్తి పసుపుకొమ్ము తెచ్చాను. దారానికి పసుపు పూసి, కొమ్ము కట్టి అత్తగారి చేతికిచ్చాను. ఆవిడ ముందు పసుపుతాడు కట్టి, ఆ తర్వాతే పుస్తెలు తీసింది.

“మరి ఇందాకే సెప్పొచ్చు కదప్పా?” అన్నాను అత్తగారితో.

“ఇంత పెద్దాసుపత్రిలో పసుపుకొమ్ము మాటెత్తితే నవ్వరేటి?” అంది.

నవ్వేవాళ్ళే కావచ్చు. నేను మాత్రం ఏం చేశాను? నలభై దాటాక చదవడం నేర్చుకున్న కళ్ళతో ఆ కాయితం చూసి, అక్కడ ఏదో తక్కువైందని గుర్తుపట్టలేకపోయాను. మా మాటే అచ్చులో కనిపించేసరికి మురిసిపోయాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజున బోటు ఒడ్డుకొచ్చింది. ఆ కుర్రాడు హార్బరు నుంచి తిన్నగా వార్డుకొచ్చాడు. ఒళ్ళంతా ఉప్పు. పెళ్ళాం మెడలో పసుపుతాడు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“రారా, బతికే ఉంది. బోటులో సేపలేవైనా తెచ్చావా, వట్టిసేతులతో వచ్చావా?” అంది తల్లి. వార్డంతా నవ్వారు.

సిస్టరమ్మ బీరువాలోంచి పుస్తెల పొట్లం తెచ్చింది. ఇవ్వబోయి ఆగింది.

“ఇవి ఎవరి చేతికివ్వాలి మామ్మా?”

ముసలావిడ సిస్టరమ్మని ఎగాదిగా చూసింది.

“ఇలగ అడగమని కూడా మీ కాయితంలో రాసుందేటమ్మా?”

“లేదు మామ్మా.”

“అయితే ఆడి సేతికియ్యి. ఆడే కడతాడు.”