ఇంకా దించమన్నాను

కోదాడ కాలేజీలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. పాఠంలో ‘అతలస్పర్శం’ అనే విశేషణం తగిలిందంటే నాకు పూనకమే. అడుగు తాకనంత లోతైనదని అర్థం. సముద్రానికి వాడాలి, గొప్పవాళ్ళ మనసుకు వాడాలి, గుంతకు వాడితే మాటకే అవమానం అనేవాణ్ణి. లోతున్నచోట నిండుదనం ఉంటుంది కాబట్టే అది పొగడ్త అయిందని కూడా చెప్పేవాణ్ణి. “పరీక్షలో వస్తదా సార్?” అనేవాళ్ళు పిల్లలు. రాదనగానే పెన్నులు మూసేవాళ్ళు.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం సూర్యాపేటలో బస్సు మారి, చివ్వెంల దగ్గరి మా ఊరికి పోయాను. అన్న బత్తాయి తోట ఎండిపోతోంది. మిర్యాలగూడ వైపు వాళ్ళకు కాలువ ఉంది, మాకు బోరే గతి. ఉన్న రెండూ ఎండిపోయాయి. మూడోది పడకపోతే తోట దక్కదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళ జాడ కోసం చేనంతా తిరిగిన పెద్దాయన, కాయ నిక్కిన చోట సున్నం చల్లి పోయాడు. బోరుబండి అక్కడే నిలిచింది. వదిన పసుపు కుంకుమ పెట్టి కాయ కొట్టింది.

మధ్యాహ్నానికి రాతిపొడి తడిసింది. కాసేపటికి బొటనవేలంత ధార వచ్చింది. బండి మేస్త్రీ రాడ్లు ఆపించాడు.

“గింతతోని ఆపుదాం. ఇంకా దిగితే ఉన్న నీళ్ళు గూడ కిందికి జారిపోతయి.”

అన్న నా వైపు తిరిగాడు. “నువ్వేమంటవ్‌రా? సదువుకున్నోనివి.”

రాళ్ళ సంగతి నాకేం తెలుసు? తెలియదనడానికి నోరు రాలేదు. “లోతుల ఎక్కువుంటయి అన్నా, ఇంకా దించమను,” అన్నాను. క్లాసులో చెప్పే పాఠం తప్ప నాకు వేరే ఆధారం లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ మనిషిని నేనే.

మళ్ళీ దించడం మొదలుపెట్టాక నాలుగో రాడ్డుకు బండి ఒక్కసారి అదిరింది. కింద ఏదో పగులు తగిలిందన్నాడు మేస్త్రీ. ధార సన్నబడింది, ఆగింది, మళ్ళీ పొడి లేచింది. ఇంకా దించారు. పొడే. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెట్ల మధ్యకు వెళ్ళిపోయింది.

బండి పోయాక అన్న గొట్టం మూతికి గోనెసంచి కట్టి, పైన రాయి పెట్టాడు. తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండును. “ఇంకో పాయింటు సూపిద్దాం అన్నా,” అన్నాను, సిగ్గులేకుండా.

“గా సన్నధారకు సగం చెట్లన్న బతుకుతుండె,” అన్నాడు, చేతులు దులుపుకుంటూ. “ఆపుదామనే ఉండె నాకు. నలుగురిల నీ మాట తీసేయబుద్ధి గాలే.”