పాక్ పర్జోనో ఇరవై ఏడో మంచి

ఎదుటివాడి పనిలో లోపం కనిపిస్తే మొహం మీద చెప్పడం మర్యాదా, నవ్వి ఊరుకోవడం మర్యాదా? ఈ ప్రశ్నకు రాస్తున్నవాడికి ఇప్పటికీ జవాబు తెలియదు. ఇండోనేషియాలోని సోలో నగరంలో మాత్రం అందరికీ తెలుసు. నవ్వి ఊరుకోవడమే. ఆ ఊళ్లో ఈ సంగతి తెలియనివాడు ఒకే ఒక్కడు. ఆయన పేరు పర్జోనో, పెద్దాయన కనుక ఊరంతా గౌరవంగా పాక్ పర్జోనో అంటుంది. వస్తువు కానీ, మనిషి కానీ, దాని మంచీ లోపమూ లెక్కపెట్టి పైకి చదవనిదే ఆయనకు అన్నం అరగదు. అదీ సరిసమానంగా చదవాలి. మంచివి మూడైతే లోపాలూ మూడే.

ముప్పై ఎనిమిదేళ్లు, మైనంతో అద్దకం వేసే బాటిక్ కార్ఖానాలో బట్టను వెలుతురుకు పట్టుకుని, మైనం కారిన చోటు వెతికే ఉద్యోగం చేశాడాయన. రిటైరయ్యాక బట్ట పోయింది, చూపు మాత్రం మిగిలిపోయింది. పక్కింటి పెళ్లిలో దీవెనల వరసలో నిలబడి పెళ్లికొడుకు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"మంచివి మూడు. కుర్చీలు మెత్తగా ఉన్నాయి. సంగీతం చెవికి హాయిగా ఉంది. కోడలు మీవాడికంటే తెలివైంది. లోపాలు మూడు. ఫ్యాను నా వైపు తిరగలేదు. పులుసు చల్లారిపోయింది. మూడోది, కోడలు తెలివైందని మీవాడికి ఇంకా తెలియలేదు."

వెనక వరసలో నలభై మంది ఎండలో నిలబడి ఉన్నారు. సోలో వాళ్లు కనుక నలభై మందీ నవ్వుతూనే ఉన్నారు.

దంతవైద్యుడి దగ్గరా అంతే. పన్ను పీకించుకున్నాక నోటినిండా దూది. మాట పెగల్లేదు. లేచి నిలబడి కుడిచేత్తో రెండు వేళ్లు, ఎడమచేత్తో రెండు వేళ్లు చూపించి వచ్చేశాడు. అవేమిటో తెలియక ఆ డాక్టరు వారం రోజులు బెంగపెట్టుకున్నాడు.

ఇలాంటి మనిషి ఇంటికి సరిగ్గా ఎదురుగా కినాంతి తన గేమ్ కంపెనీ పెట్టుకుంది. కంపెనీ అంటే ఐదుగురు స్నేహితులు, ఒక పాత బాటిక్ ఇంటి ముందుగది, ఆరు కంప్యూటర్లు. రెండేళ్లుగా ఒకే ఆట తయారుచేస్తున్నారు. పేరు 'అలాస్', అంటే అడవి. ఆటగాడు తుపాకీ పట్టుకుని అడవిలో తిరుగుతాడు. వింతవింత జంతువులు ఎదురవుతాయి. కాల్చి, అవి నీరసపడ్డాక వల విసిరి పట్టుకోవాలి. పట్టుకున్నదాన్ని పెంచి, దాని సాయంతో ఇంకోదాన్ని పట్టుకోవాలి. అలా అరవై నాలుగు జంతువులు. పది రోజుల్లో జకార్తా నుంచి, ఆటలు విడుదల చేసి అమ్మే సంస్థ తరఫున ఇబు హెస్తి, అంటే హెస్తి అమ్మగారు, చూడ్డానికి వస్తోంది. ఆవిడకు నచ్చితే ఇంకో ఆరు నెలలు పని సాగుతుంది. నచ్చకపోతే గదికి తాళం పడుతుంది, కినాంతి మళ్లీ బ్యాంకు కౌంటరు వెనక కూర్చుంటుంది.

నచ్చుతుందనే కినాంతి ధైర్యం. నలభై మందిని పిలిచి ఆడించింది మరి. నలభై మందీ 'బాగుంది' అన్నారు. ఇరవై నిమిషాలకే లేచిపోయినవాళ్లు కూడా గుమ్మంలో వెనక్కి తిరిగి మరీ బాగుందన్నారు.

ఒకనాటి ఉదయం పాక్ పర్జోనో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మాయ్, మీ తుపాకుల చప్పుడు మా ఇంట్లోకి వస్తోంది."

"క్షమించండి పాక్, తగ్గించేస్తాం."

"తగ్గించమన్నానా? మంచి ఒకటి, కునుకు వదిలిపోతోంది. లోపం ఒకటి, నేను కునుకు కోసమే పడుకుంటున్నాను. ఇంతకీ ఎవర్ని కాలుస్తున్నారు?"

"జంతువుల్ని పాక్. పట్టుకుని పెంచుకోడానికి."

"పెంచుకోడానికి కాలుస్తారా?"

ప్రోగ్రాం రాసే గలిహ్ తల గోక్కున్నాడు. "ఆట పద్ధతే అది పాక్. అందరూ అలాగే చేస్తారు."

"ఏదీ, ఆ ఆట మీట ఇలా ఇవ్వు."

ఆ రోజు ఆయన తూటా తగిలినవి మూడు. ఒక చెట్టు, ఒక మేఘం, తన సొంత కాలు. ఈ ఆటలో సొంత కాలు కాల్చుకోవచ్చని దాన్ని తయారుచేసిన గలిహ్‌కే అప్పటిదాకా తెలియదు. జంతువులు ఆయన్ని పదిహేడు సార్లు చంపాయి. చచ్చిన ప్రతిసారీ ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో రాసుకున్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. తొమ్మిదింటికి రావడం, మూలనున్న కంప్యూటరు ముందు కూర్చోవడం, మధ్యాహ్నం నమాజు వేళకు లేవడం. కినాంతి చూపు ఆ నోటుబుక్కు మీదే ఉండేది.

"ఎలా ఉంది పాక్?"

"ఇంకా కాలేదు."

"ఏదైనా ఒక్కటి చెప్పండి, సరిచేసుకుంటాం."

"లెక్క కుదరందే ఎలా చెప్తాను?"

ఆయన వెళ్లాక గలిహ్ అన్నాడు, "మంచివి ఎక్కువైపోయుంటాయి. వాటికి సరిపడా లోపాలు ఏరుతున్నాడు ముసలాయన."

"ఎనిమిది రోజులు ఏరుతున్నాడంటే మంచివి చాలానే ఉన్నాయన్నమాట," అని సర్దింది చప్పుళ్లు తయారుచేసే వెనింగ్.

"అమ్మా తల్లీ, ఆ మనిషి జకార్తా ఆవిడ ముందు ఆ పుస్తకం తెరిచాడంటే మన పని సరి," అంది కినాంతి.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆమె సెరాబీ అట్లు పొట్లం కట్టించుకుని ఎదురింటికి వెళ్లింది. ఆయన భార్య ఇబు పర్జోనో వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సోలో పద్ధతి ప్రకారం వాన గురించి కాసేపు, మోకాళ్ల నొప్పుల గురించి కాసేపు మాట్లాడాక కినాంతి అసలు విషయానికొచ్చింది.

"రేపొక్క రోజు పాక్ ఇంట్లో విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందేమోనని..."

"రావద్దని చెప్పమంటావు. అంతేగా?"

"అయ్యో, అలా కాదు. ఇన్ని రోజులు లోపాలు వెతికీ వెతికీ ఆయన కళ్లు..."

ఇబు పర్జోనో చేతిలోని కాయ పక్కన పెట్టి పకపకా నవ్వింది.

"లోపాలా? అవి మొదటి రోజే ఇరవై ఏడు దొరికాయటమ్మా. అన్నం తింటూ వేళ్ల మీద చదివారు. ఈ ఎనిమిది రోజులూ వెతుకుతున్నది మంచివి. ఎన్ని లోపాలున్నాయో అన్ని మంచివి దొరికితే గాని ఆ మనిషి నోరు తెరవరు. మైనం కారిన బట్టని కూడా, అద్దినవాడికి ఏం చెప్పి ఇవ్వాలా అని సాయంత్రందాకా తిప్పి తిప్పి చూసేవారు. పెళ్లిచూపుల్లో నాలో ఆరు లోపాలు కనిపించాయట. ఐదు మంచివి దొరికాయి, ఆరోది దొరకలేదు. దానికోసం ఏడుసార్లు వచ్చారు. మా నాన్న విసుగెత్తి పెళ్లి చేసేశారు."

"ఆరోది దొరికిందా ఇబు?"

"వెతుకుతూనే ఉన్నారు. నలభై నాలుగేళ్లయింది. ఆ ఆరు లోపాలేమిటో నాకు ఇంతవరకు చెప్పలేదు."

కినాంతి ఆ సెరాబీ పొట్లం అక్కడే ఇచ్చేసి ఇంటికి వచ్చింది. ఇరవై ఏడు అన్న మాట ఆమె చెవిలో గంటలా మోగుతూనే ఉంది.

మర్నాడు పది గంటలకు ఇబు హెస్తి వచ్చింది. తొమ్మిది గంటలకే పాక్ పర్జోనో వచ్చేశాడు. "ఇరవై ఆరయ్యాయి, ఒక్కటే తక్కువ," అని మూలన కూర్చున్నాడు. ఇక ఆయన్ని లేపడం ఎవరి తరం?

ఇబు హెస్తి పావుగంట ఆడింది. నాలుగు జంతువుల్ని కాల్చింది, రెండింటిని పట్టుకుంది, మూడుసార్లు గడియారం చూసింది.

"ఎవరిచేతనైనా ఆడించారా?"

"నలభై మంది ఆడారు. అందరూ బాగుందన్నారు," అంది కినాంతి.

"ఆ నలభై మందీ సోలో వాళ్లేనా?"

"సోలో వాళ్లే."

"నేను ఈ ఊరి కోడల్నమ్మా. మొదటిసారి వంట చేసినప్పుడు మా అత్తగారూ బాగుందనే అన్నారు. తర్వాత మూడేళ్లు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు." ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. "నలభై మంది బాగుందన్నారంటే పరిస్థితి ఏమిటో మీకే తెలియాలి."

వెనింగ్ కిటికీ వైపు తిరిగింది. కినాంతికి బ్యాంకు కౌంటరు అద్దం కళ్ల ముందు కనిపించింది.

సరిగ్గా అప్పుడు మూలనుంచి కేక.

"ఇరవై ఏడు!"

అందరూ ఉలిక్కిపడ్డారు. పాక్ పర్జోనో ఒక చేతిలో టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ఆట మీట బల్లమీద ఉంది.

"లెక్క కుదిరింది. వినండి. లోపాలు ముందు చదివేస్తాను, చేదు మందు ముందు మింగడం నయం." నోటుబుక్కు తెరిచాడు. "ఒకటి, పెంచుకోవాల్సినదాన్ని ముందు కాల్చాల్సి వస్తోంది. రెండు, తూటా తిన్న జంతువు మరుక్షణం నన్ను చూసి నవ్వుతోంది. దానికి సిగ్గు లేదా, నాకు లేదా? మూడు, పన్నెండు జంతువుల తర్వాత అన్నీ అవే, రంగులే మారాయి. నాలుగు, పట్టుకున్నవాటి చేత రాళ్లు మోయిస్తారు, తిండి పెట్టరు..."

ఇరవై ఏడూ చదివాడు. కినాంతి ముఖం ఎర్రబడి, తెల్లబడి, మళ్లీ ఎర్రబడింది. ఇబు హెస్తి సంచి మాత్రం భుజం మీంచి మెల్లగా కిందికి దిగింది.

"ఇక మంచివి. ఒకటి, వాన చినుకు అరటాకు మీద ఒకలా, టేకాకు మీద ఒకలా మోగుతోంది. అది చేసినవాళ్లెవరో గాని చెవులున్న మనిషి." వెనింగ్ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. "రెండు, తుపాకీ నింపేటప్పుడు మీట అదిరి అరచేతికి తెలుస్తుంది. మూడు, చిన్న జింక తుమ్ముతుంది. తుమ్మాక అటూ ఇటూ చూస్తుంది, ఎవరైనా విన్నారా అని..."

అలా ఇరవై ఆరు. వాటిలో సగం, తామే చేశామన్న సంగతి చేసినవాళ్లే మరిచిపోయినవి.

"ఇరవై ఏడు. టీ కాలుతోందని ఆట మీట కింద పెట్టాను. నేను కాల్చి గాయపరిచిన ముంగిస, పొద వెనక దాక్కున్నది, బయటికొచ్చింది. చుట్టూ తిరిగింది. నా పక్కన ముడుచుకుని పడుకుంది. తూటా లేదు, వల లేదు."

"అలాంటిది ఆటలో లేదు పాక్," అంది కినాంతి.

గలిహ్ చెవులు ఎర్రబడ్డాయి. "ఉంది... మొదట్లో సరదాకి నేనే రాశాను. నాలుగు నిమిషాలు కాల్చకుండా కూర్చుంటే వస్తుంది. నాలుగు నిమిషాలు ఎవరు కూర్చుంటారని చెప్పలేదు."

ఇబు హెస్తి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక పొదను కాల్చింది, లోపలి ప్రాణి కుంటుకుంటూ దాక్కుంది. ఆవిడ మీట ఒళ్లో పెట్టుకుని చేతులు కట్టుకుంది. ఒక నిమిషం. రెండు. వెనింగ్ చేసిన వాన మొదలైంది. మూడు. ఆవిడ ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. నాలుగో నిమిషంలో పొద కదిలింది. ఒక ముక్కు, రెండు కళ్లు, ఆ తర్వాత మిగతా ముంగిస. వచ్చి మోకాలి పక్కన ముడుచుకుంది.

"ఓ నా తల్లే," అంది ఇబు హెస్తి, అచ్చం ఈ ఊరి కోడలిలా. కాసేపటికి గొంతు సవరించుకుంది. "తుపాకీ ఉండనివ్వండి, అదిష్టమైనవాళ్లు ఉంటారు. కాల్చకుండా మచ్చిక చేసుకునే దారి కూడా మొదటినుంచీ పెట్టండి. అరవై నాలుగు వద్దు. ఇరవై చాలు, వేటికవి వేరుగా ఉండాలి. ఆరు నెలలు ఇస్తున్నాను. ఆ పుస్తకం నాకో నకలు కావాలి."

గదిలో ఒక్కసారిగా గోల. వెనింగ్ గలిహ్ వీపు మీద గుద్దింది. "నాలుగు నిమిషాలు ఎవరు కూర్చుంటారట! దొంగ మొహం!" కినాంతి నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ మూల వైపు తిరిగింది.

"పాక్, మీకు ఎలా చెప్పాలో..."

కుర్చీ ఖాళీగా ఉంది. బల్లమీద నోటుబుక్కు, సగం తాగిన టీ. సోలోలో వెళ్లొస్తానని చెప్పి గుమ్మం దాటడానికే పావుగంట పడుతుంది. అలాంటిది, పొగడ్త వినాల్సి వస్తుందేమోనన్న భయంతో ఆ మనిషి ఒక్క ముక్క కూడా చెప్పకుండా జారుకున్నాడు. ఎంత కంగారుగా జారుకున్నాడంటే, గుమ్మం ముందు ఆయన ఎడమ చెప్పూ, గలిహ్ కుడి చెప్పూ జంటగా మిగిలాయి.