చంద్రరావు గారికి కొంగల కింద సన్మానం

భీమవరం దగ్గర ఓ ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ నడిపే చంద్రరావు గారికి రెండు పిచ్చులు. ఒకటి కొంగలు, రెండోది శాలువాలు. కొంగల పిచ్చి మంచిదే. కాలవగట్టు మీది తుమ్మచెట్లపై ఏటా వానాకాలం నత్తగుల్ల కొంగలొచ్చి గూళ్లు కడతాయి. చేపల లారీల కోసం గట్టు రోడ్డు వెడల్పు చేస్తామని ఆ చెట్లకు సున్నం గుర్తులు పెట్టేసరికి, ఈయన ఫ్యాక్టరీని గాలికొదిలేసి ఆఫీసుల చుట్టూ తిరిగారు. చెప్పులరిగాయి, బీపీ పెరిగింది. "కొంగలకి ఓటుందాండీ?" అని రొయ్యల రైతులు టీ కొట్టు దగ్గర అడిగి మరీ నవ్వేవారు.

ఎట్టకేలకు ఇంజినీరు గారు దిగొచ్చారు. "సోమవారం వచ్చి చూస్తానండి. కొంగలు గూళ్లలో ఉంటే రోడ్డు అవతలి గట్టుకి మారుస్తాం. లేకపోతే చెట్లు కొట్టేస్తాం," అన్నారు.

గుడ్లు పెట్టిన కొంగ ఎక్కడికి పోతుంది? చంద్రరావు గారు గెలిచినట్టే. నిన్నటిదాకా నవ్విన నోళ్లే ఇప్పుడు "పక్షి ప్రేమికుడు" అన్నాయి. ఆదివారం సన్మానమన్నాయి. అదీ ఎక్కడ? ఆ తుమ్మచెట్ల కిందే. రోడ్డు కాంట్రాక్టరు ఉదయ్‌కుమార్ ఇంటికొచ్చి, "ఓడినా మనసు పెద్దదండి మాది. మందుగుండు ఖర్చు నాదే," అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అని చంద్రరావు గారు పొంగిపోయారు.

భార్య సత్యవాణి కాఫీ గ్లాసు పెడుతూ, "కమ్యూనిటీ హాల్లో పెట్టించుకోకూడదాండీ?" అంది.

"హాల్లో అయితే ఫొటోలో కొంగలెలా పడతాయే?"

ఇంకేముంది! ఆదివారం సాయంత్రం చెట్లకి మేకులు దిగేసి ఫ్లెక్సీలు కట్టారు. వాటిలో చంద్రరావు గారు ఏనుగంత, కొంగ పిచ్చుకంత. వక్తలు పక్షుల ప్రశాంతత గురించి మైకులో చెవులు చిల్లులు పడేలా మాట్లాడారు. శాలువా పడింది. శాలువా పడ్డాక మందుగుండు పేలకపోతే ఈ ఊళ్లో అది సన్మానమే కాదు. ఉదయ్‌కుమార్ వెలిగించిన అగరొత్తి అందించి, "తమరి చేతుల మీదుగా కానివ్వండి," అన్నాడు. ఈ పెద్దమనిషి మురిసిపోతూ పదివేల వాలా అంటించారు.

కొంగలన్నీ ఒక్కుమ్మడిగా లేచాయి. గౌరవ వందనమనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఈయన కూడా తలెత్తి దండం పెట్టారు, సిగ్గు లేకుండా.

చీకటి పడ్డా అవి దిగలేదు. తెల్లారేసరికి గూళ్లలో కాకులున్నాయి, గుడ్లు పొడుచుకు తింటూ.

ఇంజినీరు గారు వచ్చి చెట్టు చెట్టూ చూశారు. కింద ఎర్ర కాగితం ముక్కలు గుట్టలుగా పడున్నాయి.

"ఇక్కడ టపాకాయలు కాల్చిందెవరండీ?"

ఉదయ్‌కుమార్ ఫోన్ చూసుకున్నాడు. ఊరు ఊరంతా కాలవకేసి చూసింది. చంద్రరావు గారు ఓ ఎర్ర కాగితం ముక్కని చెప్పుతో మట్టిలోకి తొక్కారు.

"మా ఆయనేనండి," అంది సత్యవాణి. "కొంగలంటే ప్రాణం ఆయనకి."