గోంగూర కాడ రంగు కారు, యేసుదానం మాస్టారు

యేసుదానం మాస్టారు పోయారన్న వార్త నంద్యాల రైతుబజారులో, చేతిలో కూరగాయల సంచితో నిలబడి ఉండగా నాకు తెలిసింది. ఫోనులో ఆయన అన్న జయరావు గారి గొంతు. "తమ్ముడు లేడప్పా. పొద్దున పోయినాడు" అన్నారు. ఎలా అని అడిగాను. "ఏముందీ, ఆ కారే మింగేసింది" అన్నారు. మనిషి పోయాడన్న మాట ఇంకా మనసుకు ఎక్కకముందే ఆ రెండో మాట చెవిలో గుచ్చుకుంది. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఇన్ని రోజులు గడిచినా అదే వరస నడుస్తోంది. ముందు కోపం, ఆ తర్వాతే దుఃఖం. ఈ నాలుగు మాటలూ అదే వరసలో నడిస్తే పాఠకులు ఓర్చుకోవాలి.

కారు ఆయన్ని మింగలేదు. ఆ పొద్దు కారు ఆళ్లగడ్డ స్కూలు షెడ్డులో, ఎప్పుడూ ఉండే చోటనే, గుడ్డ కప్పుకుని ఉంది. మాస్టారు గుండెజబ్బుతో పోయారు. అంతకుముందు కొన్నాళ్లుగా ఎడమ భుజం లాగుతోందని, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని భార్య సుగుణమ్మతో అంటూనే ఉన్నారట. గ్యాస్ అని తానే తేల్చేసి, సోడాలో నిమ్మకాయ పిండుకుని తాగారట. నంద్యాలలో ఆసుపత్రులు లేవా? గంట దారి కదా! కారు ముందు చక్రం దగ్గర కీచురాయి రొదలాంటి సన్నని చప్పుడు వచ్చిందని పగలంతా నేలమీద వెల్లకిలా పడుకుని కారణం వెతికిన మనిషి, తన రొమ్ములో రేగిన గోలకు కారణం అడగలేదు. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టనివ్వని హేతువాది చివరికి నిమ్మకాయనే నమ్ముకున్నాడు. ఈ కోపం ఎవరి మీద చూపించను?

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. యేసుదానం ఆళ్లగడ్డ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తండ్రి పాలేరు, తల్లి చర్చిలో పాటలు పాడే మనిషి. నంద్యాలలో మేం నడిపే హేతువాద మిత్రుల బృందంలో ఆయన తొలినాటి సభ్యుడు. "ఆ పేరు పెట్టుకుని హేతువాదం ఏమిటి, మార్చుకో" అని మాలో ఒకరు సభలోనే అన్నారు. ఆయన నవ్వి, "మా నాయన పెట్టినాడప్పా. పేరేమన్నా నమ్మకమా? పిలిస్తే పలికేదానికి ఒక గుర్తు" అన్నారు.

రిటైరయ్యాక ఆయన కారు కొన్నారు. మామూలు కారు కాదు. ఎనభై తొంభై ఏళ్ల కిందట ఇంగ్లండులో పందేలకు తిరిగిన కార్లుండేవి. పైకప్పు ఉండదు, రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, పక్కన పైకి లేచిన చక్రాల రెక్కలు. దానికి నకలు ఆయనది. ఒళ్లు ఫైబరుతో పూనా దగ్గర ఒక చిన్న కార్ఖానాలో చేశారు. ఇంజను ఎవరో వాడి వదిలేసిన చిన్న కారుది. పిల్లల పుస్తకంలో ఆ కారు బొమ్మను చిన్నప్పుడు చూసి, పలక మీద గీసి, తర్వాత బ్లాక్‌బోర్డు మీద వందలమంది పిల్లల చేత గీయించి, చివరికి దాన్ని నిజంగా నడిపాడు. రంగు ఏం వెయ్యాలని పెయింటరు అడిగితే రంగుల కార్డు పక్కకు నెట్టి, సంచిలోంచి గోంగూర కట్ట తీసి ఎర్రటి కాడ విరిచి చూపించాడట. "ఈ రంగు. ఆకు గాదు, కాడ."

మా బృందంలో పెద్ద దుమారం రేగింది. జనం మధ్య తిరిగేవాడికి ఈ విలాసం ఏమిటని కొందరు, అసలు కారైతే సరే, నకలుకు ఇంత మురిపెమా అని మరికొందరు. ఆయన మాత్రం స్టీరింగు ముందు ఇత్తడి రేకు మీద "నకలు" అని తానే అక్షరాలు చెక్కి బిగించుకున్నాడు. పెట్రోలు బంకులో కుర్రాళ్లు మూగి "ఫారిన్ బండా సార్?" అనేవారు. "గాదప్పా. ఒళ్లు పూనాది, ఇంజను మనూరిదే, రంగు గోంగూరది" అనేవాడు. పెళ్లి ఊరేగింపులకు కావాలని వచ్చినవాళ్లు ఆ రేకు ఒక్కపూట తీసేస్తే పాతకాలపు దొరల కారని చెప్పుకుంటామన్నారు. కుదరదన్నాడు. "నకలని చెప్పినాక అది నకలు గాదప్పా, నా కారు" అని నాతో అన్న మాట నేను చాలా సభల్లో వాడుకున్నాను. సొంతం చేసుకోవడమంటే అబద్ధం చెప్పకుండా చేసుకోవడమని అంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు.

ఆళ్లగడ్డలో శిల్పులకు కొదవా? గేరు కడ్డీ కొనకు పెట్టుకునే గుండును నల్లరాయితో చేయించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. పాత శిష్యుడైన శిల్పి దగ్గరికి నన్ను కూడా తీసుకుపోయాడు.

"యా దేవుడు సార్?" అన్నాడు శిల్పి, రాయి చేతికి తీసుకుంటూ.

"దేవుడొద్దప్పా. నున్నగా గుండు జేసీ."

"ఊరికే గుండా? ఒక చిన్న నందినన్నా చెక్కనా?"

"నందిని పట్టుకుని గేర్లు మారుస్తే నీకు బాగుంటాదా?"

శిల్పి నవ్వి చెక్కి ఇచ్చాడు. "నా చేతిలో దేవుడు గాకుండా పోయిన మొదటి రాయి సార్ ఇది" అన్నాడు. నాకెంతో గొప్పగా అనిపించింది. మే నెలలో దాని సంగతి బయటపడింది. పైకప్పు లేని కారు, నల్లరాయి, మా ఎండ! ముట్టుకుంటే పెనం. మాస్టారు తడి చేతిరుమాలు చుట్టుకుని గేర్లు మార్చేవాడు. "తీసేసి రబ్బరుది పెట్టుకో" అంటే, "చలికాలం వస్తాది లేప్పా" అనేవాడు.

కారు లారీలో నంద్యాలకు చేరిన రోజున మరో ముచ్చట. దాన్ని మొదటిసారి రాహుకాలంలో నడిపించి జనానికి బుద్ధి చెప్పాలని నేను పట్టుబట్టాను. మిత్రుల్ని పోగుచేశాను. టీ అంగడి ముందు జనం చేరారు. మాస్టారు సీట్లో కూర్చుని, "రాహుకాలం ఎన్నింటికప్పా?" అన్నాడు. టైము చెప్పాను. "నీకెట్ల తెలిసింది?" అన్నాడు. క్యాలెండరులో చూశానన్నాను. స్టీరింగు మీద తలవాల్చి కళ్లలో నీళ్లు తిరిగేట్టు నవ్వాడు. "నేను నా బతుకులో ఒక్కసారి గూడా చూసిన్లేదు. మా అందరికన్నా నీకే భక్తి ఎక్కువుండాదే!" ఆపైన కారు స్టార్టు కాలేదు. "రాహుకాలమప్పా మరి" అన్నాడు టీ అంగడాయన. మాస్టారు బానెట్ ఎత్తి, లారీ కుదుపులకు ఊడిన పెట్రోలు పైపును ఆయనకు చూపించి, "రాహువు ఈడ దాంకొన్యాడు, చూడు" అని బిగించాడు. కారు కదిలింది. సవాలు చెయ్యనిదే మూఢనమ్మకం పోదని నేను ఇప్పటికీ వాదిస్తాను. ఆయనకు మాత్రం సవాలు అక్కర్లేకపోయింది. పెట్రోలు ఉంటే కదిలేవాడు.

సుగుణమ్మ గారు భక్తురాలు. ప్రతి ఆదివారం ఆమెను ఆ కారులోనే చర్చి గేటు దాకా తీసుకుపోయి, ప్రార్థన అయ్యేదాకా బయట బానెట్ తుడుస్తూ కూర్చునేవాడు. ఇదేం హేతువాదమని దెప్పాను. "ఆమె నమ్మకం ఆమెది, పెట్రోలు నాది. నీకేం నొప్పి?" అన్నాడు. కుడి సీటును తన ఒంటికి, పక్క సీటును ఆమె పొట్టి కాళ్లకు సరిపోయేట్టు రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టించాడు. ఆ కారులో నేను చూసిన నిజమైన విలాసం అదే.

ఇక ఆయన పోయిన తర్వాతి కథ. ఇది రాయడానికే కూర్చున్నాను.

సమాధి అయిన మూడో రోజు ఇంట్లో ప్రార్థన ముగిశాక జయరావు గారు అన్నారు: "అమ్మా, అది అచ్చిరాని బండి. ఎవరికన్నా ఇచ్చేస్తే శని పోతాది." చర్చి పెద్ద అయిన ఆయనకు శనితో ఏం పనో నాకు తెలియదు. బంధువులావిడ ఒకరు అందుకుంది. "మొగుడు పోయిన ఆడది పైకప్పు లేని ఎర్రకార్లో పోతే ఊరు ఊరుకుంటాదా?" వీళ్లు ఇంతేలే అనుకుంటూ మా బృందం కార్యదర్శి వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకుని, కారు అమ్మితే మాస్టారి పేరిట ఏటేటా ఒక ఉపన్యాసం పెట్టవచ్చని ప్రతిపాదించాడు! జయరావు గారు తల ఊపారు. విశ్వాసులూ హేతువాదులూ ఏకమైన సభను నా జీవితంలో అదొక్కటే చూశాను. ఏకమైంది దేనికి? ఒక ఆడమనిషి చేతిలోంచి తాళం లాక్కోవడానికి.

"నేను అమ్మను" అంది సుగుణమ్మ.

"నీకు నడపనే రాదు గదమ్మా!" అన్నారు జయరావు.

"నేర్చుకుంటాండా. నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు కాగితం గూడా వచ్చింది. మా సారు ఆదివారం ఆదివారం చర్చి నుంచి స్కూలు గ్రౌండుకు తోల్కపోయి నేర్పిస్తాన్న్యాడు. సగం వచ్చింది."

"సగమొస్తే ఏందీ, సగం దూరం పోతావా?" అని జయరావు గారు అందరినీ చూసి నవ్వారు. "సరే, సంస్మరణ సభ ఆడనే గదా. నడిపి చూపీ. నడిపితే నీదే. ఇంక నోరెత్తను."

సభ స్కూలు హాల్లో జరిగింది. అందరం మాట్లాడాం. నేను కూడా బాగానే మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. ఎవరి నోటా కారు మాట రాలేదు. తర్వాత జనమంతా గ్రౌండులోకి వచ్చి చెట్ల నీడన నిలబడ్డారు. సుగుణమ్మ కారు మీద గుడ్డ తీసి మడిచింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, కాళ్లు అందేట్టు వీపు వెనక దిండు పెట్టుకుని కుడి సీట్లో కూర్చుని నన్ను పిలిచింది.

"అన్నా, నువ్వు పక్కన కూసో."

"నాకు డ్రైవింగు రాదమ్మా."

"తెలుసులే. ఊరికే కూసో. ఆ సీట్లో ఎవరో ఒకరు ఉంటే చాలు."

కూర్చున్నాను. కారు ఒక్క కుదుపుతో కదిలింది. ఆగిపోలేదు. మొదటి గేరు, తర్వాత రెండోది. గోల్‌పోస్టు దాటి, గోడ పక్కన చక్కగా మలుపు తిరిగింది. చూస్తున్నవాళ్లలో ఎవరో "అబ్బ!" అన్నారు. ఇంకో చుట్టు. ఇంజను అరుస్తోంది, కారు గింజుకుంటోంది. "గేరు మార్చమ్మా! ఇంజను సస్తాది!" అని కేకేశారు జయరావు. ఆమె మార్చలేదు. కళ్లు ముందుకే ఉన్నాయి.

"మార్చమంటున్నారు" అన్నాను మెల్లగా.

"మూడోది ఎట్ల ఎయ్యాల్నో నాకు తెలీదన్నా. వచ్చే ఆదివారం నేర్పిస్తానన్న్యాడు."

నలభై ఏళ్లుగా వేదికలెక్కి స్త్రీ స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలిచ్చిన నాకు ఆ సీట్లో చేతిలో పని లేదు. కారు మళ్లీ చెట్ల ముందుకు వచ్చింది. అక్కడ మా కార్యదర్శి ఉన్నాడు, కారు నడపడం ఆయనకు వచ్చు. జయరావు గారికి వచ్చు. ఇంకా చాలామందికి వచ్చు. "నీదేలేమ్మా, ఇంక ఆపు" అని జయరావు చేతులెత్తేశారు. తాళం ఆమెకే మిగిలింది. అయినా ఒక్కరూ ముందుకు వచ్చి మూడో గేరు నేను చూపిస్తానని అనలేదు. అందరూ ఎండ ఎక్కువైందని కదిలారు.

మాస్టారూ, మీ గురించి మంచి మాటలు రాయడం కష్టం కాదు. మీ వంటి మనిషి మా బృందంలో ఇంకొకరు లేరని ఒప్పుకోవడమే కష్టంగా ఉంది. సుగుణమ్మ గారు ప్రతి ఆదివారం చర్చి అయ్యాక స్కూలు గ్రౌండుకు వస్తున్నారు. రెండో గేరులోనే చుట్లు తిరిగి వెళ్తున్నారు. పక్క సీట్లో నేనుంటున్నాను, దేనికీ పనికిరాకుండా. కారు నడపడం వచ్చి, ఓపిక ఉన్నవాళ్లు ఆళ్లగడ్డలో గానీ నంద్యాలలో గానీ ఉంటే దయచేసి రండి. నేను దిగి సీటు ఇస్తాను. ఇలా పత్రికలో రాసి పిలవాల్సిన అవసరం లేకుండా వచ్చి పక్కన కూర్చునే మనిషి మాకు ఒక్కడే ఉండేవాడు.