రంగత్త చదివిన పెదవులు

నిన్న మధ్యాహ్నం మురుగేశన్ నా ఫోనుకు పంపిన పాత డాక్యుమెంటరీ చిత్రం తెరవగానే గది నిండా తమిళ వ్యాఖ్యానం, దాని వెనుక వీణ. అలవాటు కొద్దీ శబ్దం తీసివేశాను. వ్యాఖ్యాత గొంతు ఆగిపోయింది; మనుషుల నోళ్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి. కోయంబత్తూరులో మేమంతా బతికిన మిల్లు అది. ఇప్పుడు లేదు. అందులో తల తిప్పి ఏదో చెబుతున్న వెంకటసామి మామ, అంటే మురుగేశన్ తండ్రి, అంతకన్నా చాలా ముందే పోయాడు. "అక్కా, నాయన ఏం చెప్తుండాడో చూసి చెప్పండి. మీకైతే తెలుస్తాది" అని మురుగేశన్ గొంతు సందేశం.

నాకు తెలియడానికి కారణం అతని తల్లి రంగత్త. బంధువు కాదు, మిల్లు కార్మికులకు వరుసగా కట్టిన లైనిళ్లలో మా పక్క గడప. మగ్గాల షెడ్డును ఆనుకొని నూలు చుట్టే విభాగంలో పని చేసేది. ఆ మోతలో అరిచినా ప్రయోజనం లేదు గనుక అక్కడివారు శబ్దం లేకుండా, నోరు పెద్దగా కదిపి మాట్లాడుకునేవారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఒక సాయంత్రం వారి కిటికీలోంచి చూశాను: భార్యాభర్తలు ఎదురెదురుగా నిలబడి భీకరంగా పోట్లాడుకుంటున్నారు, గదిలో చిన్న శబ్దం కూడా లేదు.

నేను మిల్లు ఆఫీసులో టైపిస్టుగా చేరినప్పుడు ఆమే పిలిచి నేర్పింది.

"మా పక్కం వస్తే చెవుడుదాని మాదిరి నిలుస్తావా పాపా? రా, నేర్చుకో."

"గట్టిగా మాట్లాడతాలే అత్తా."

"ఆహా, కలెక్టరమ్మ అరిస్తే మగ్గం నిలుస్తాదా! అమ్మ అన్నా అప్ప అన్నా పెదవులు ఒకే తీరుగా మూసుకుంటాయి. అందుకే పెదవి ఒకటే చూడాకు. దవడ చూడు, గొంతు చూడు, కన్ను ఏడకు పోతుండాదో చూడు."

ఆ రోజుల్లోనే మిల్లు వార్షికోత్సవానికి చిత్రం తీశారు. తీసిన కొద్ది రోజులకే మామ మగ్గాల షెడ్డులో ప్రమాదంలో పోయాడు. నడుస్తున్న యంత్రంలో చెయ్యి పెట్టాడని, తప్పు ఆయనదేనని యాజమాన్యం చెప్పింది. రంగత్త పని ఖాయం చేస్తామని, కొడుకు పెద్దవాడయ్యాక ఉద్యోగం ఇస్తామని కూడా చెప్పింది. రెండు మాటలూ నిలబెట్టుకుంది.

ఆయన పోయాకే ఆ చిత్రాన్ని లైనిళ్ల ముందు తెల్ల గుడ్డ కట్టి వేశారు. ఆ ఫిల్ము పట్టీ కూడా మూలంలో పత్తి నుంచే తయారవుతుందని చాలా ఏళ్ల తరువాత తెలిసింది, అప్పుడు తెలియదు. పత్తి మీద నిలిచిన మామ నీడ పత్తి గుడ్డ మీద పడి కదిలింది. ముందు వరుస తలలు అడ్డొచ్చి నాకు ఆయన నోరు కనిపించలేదు. ఎవరో అడిగారు: "రంగా, నీ మొగుడు ఏం చెప్తుండాడే?"

రంగత్త రెప్ప వేయలేదు. మామ తెర మీద నుంచి పోయాక అంది: "ఏముండాది, రసంలో ఉప్పు లేదని మేస్త్రీకి చాడీ చెప్తుండాడు. చచ్చినా నా వంటను వదల్లా."

అందరూ నవ్వారు. ఏడ్చినవారూ నవ్వారు.

తరువాత ఎవరు కెమెరా ఎత్తినా రంగత్త కొంగుతో నోరు మూసుకునేది. కొడుకు పెళ్లి వీడియోలోనూ అంతే, మనుమరాలు ఫోను పట్టినా అంతే. "పళ్లు బాగానే ఉన్నాయి కదా అత్తా?" అని ఎగతాళి చేస్తే, "ఆ పెట్టెకు చెవి లేకున్నా చూపుండాది పాపా" అనేది. ఊరంతటికీ నేర్పగల ఆ విద్యను మురుగేశన్‌కు మాత్రం నేర్పలేదు. వాడు అదే మిల్లులో చేరి, మిల్లు మూతబడేవరకు "చెయ్యి భద్రంరా, మీ నాయన మాదిరి పెట్టాకు" అనే మాట పడ్డాడు.

నిన్న ఆ భాగాన్ని అనుమానం మిగలనంత వరకు చూశాను. మామ కెమెరా వైపు చూడటం లేదు. ఆయన కన్ను పైన తిరుగుతున్న బెల్టు మీదికి పోయి, పక్కనున్న మేస్త్రీ మీదికి వచ్చింది. "బెల్టు పిగులుతుండాది మేస్త్రీ. నిలపమనండి." మేస్త్రీ కెమెరాను చూసి నవ్వుతున్నాడు. బెల్టు తెగబోతోందనే ఆ మాటనే మామ మళ్లీ అన్నాడు. అక్కడ ఒకసారి శబ్దం పెట్టి విన్నాను: ఈ మిల్లులో కార్మికుణ్ణి కంటిపాపలా కాపాడుకుంటారని వ్యాఖ్యాత చెబుతున్నాడు. ఉప్పు ఊసు ఎక్కడా లేదు.

తప్పు మామది కాదని రంగత్తకు ఆ గుడ్డ ముందే తెలిసింది. మమ్మల్ని నవ్వించి, మర్నాడు అదే మేస్త్రీ ముందు నుంచి పనిలోకి వెళ్లింది. కొడుకు అన్నం తినాలి గనుక.

సాయంత్రం మురుగేశన్ వీడియో కాల్ చేశాడు. జుట్టు నెరిసింది, అచ్చం మామ దవడ.

"చూసినారా అక్కా? అమ్మ చెప్పిన ఉప్పు సంగతేనా?"

జవాబు చెప్పబోతే నా చెయ్యి దానంతటదే కొంగు ఎత్తి నోటికి అడ్డం పెట్టింది. ఫోను మూలన చిన్న చదరంలో కనిపించింది నేను కాదు, రంగత్త. రెండేళ్ల కిందట మేము కాటికి సాగనంపిన రంగత్త, నన్నే చూస్తూ.

కొంగు దించాను. మామ ఆ బెల్టు మాట రెండుసార్లు చెప్పాడు. నేనూ రెండుసార్లు చెప్పాను, గొంతెత్తి.